టెలి మానస్ 14416: డ్యూటీ చేసుకుంటూ కవిత్వం రాసేవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగులో రాసేవాళ్లకి పగలంతా ఒడియా ఫైళ్లో, మిల్లు షిఫ్టో. కవిత మొదలయ్యేది రాత్రి పదకొండు దాటాకే. మనసు బాగోలేదని చెప్పుకోవడానికి ఆ వేళకి క్లినిక్కులేవీ ఉండవు. 2022 అక్టోబరు 10న మానసిక ఆరోగ్యం కోసం కేంద్రం మొదలుపెట్టిన ఈ టెలి మానస్ ఫోను సేవ మాత్రం 24 గంటలూ ఉంటుంది, ఉచితం. తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది.

14416 కొట్టాక భాష ఎంచుకోమంటుంది. తొందరలో తప్పు అంకె నొక్కితే పెట్టేసి మళ్లీ చెయ్యండి. ఫోనెత్తేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన కౌన్సెలరు. అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు, లేదంటే ఆసుపత్రికి వెళ్లమంటారు.

వ్యవహారం చెడేది చాలావరకు మనం చెప్పే తీరులోనే. "నెల్లాళ్లుగా పదం పలకట్లేదు" అంటే అవతలివాళ్లు ఏం చెయ్యగలరు? ముందే ఒక చీటీ రాసుకోండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఈ వారం ఏ షిఫ్టు, ఆకలి ఎలా ఉంది, మద్యం తాగితే ఎంత, చచ్చిపోవాలనిపించిందా, ఇదంతా ఎన్నాళ్లుగా. ఆఖరిది మరిచిపోవద్దు. దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో దాదాపు రోజూ, రెండు వారాలపాటు ఉందా అన్నది డిప్రెషన్ తేల్చడంలో ముఖ్యమైన లెక్క. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు వాడుకభాష కోసం అంత పోరాడారు కదా, ఆ ఫోనులోనైనా వాడుకభాషే మాట్లాడండి.

షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర ముక్కలవుతుంది, దాంతో ఏకాగ్రత పోతుంది. మొదటి పాదం బాగానే వస్తుంది. నాలుగోదానికి వచ్చేసరికి మొదటిది ఎందుకు రాశామో గుర్తుండదు. కవి దాన్ని ప్రతిభ ఎండిపోవడం అనుకుని ఇంకో రెండు గంటలు మేలుకుంటాడు. మర్నాడు ఇంకా అన్యాయం. కాబట్టి ఫోనులో కవిత సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి చెప్పాలి.

డాక్టరు మాత్రలు రాస్తే అసలు పేచీ అక్కడ. డిప్రెషన్ మాత్రల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, వికారంలాంటి ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. కొందరికి ఏడుపూ రాదు, సంతోషమూ రాదు, అంతా చప్పగా ఉంటుంది. పాదాలు రావట్లేదని ఒక్కసారిగా మానేస్తే తల తిరుగుడు, చిరాకు, నిద్ర చెడటం. ఆ చప్పదనం గురించే డాక్టరుకి చెప్పండి. ఆ డాక్టరే మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు.

ఈ సేవకి ఐదుకు నాలుగు ఇస్తాం. ఒకటి తగ్గించింది ఎందుకంటే, మళ్లీ చేసినప్పుడు అదే మనిషి దొరకాలని లేదు, కథంతా మొదటినుంచీ చెప్పుకోవాలి. చీటీ పారేయకుండా తేదీ వేసి దాచండి. కొండదారిలో సిగ్నలు పోయి మాట మధ్యలో తెగిపోతే అది వాళ్ల తప్పు కాదు.

చావు ఆలోచన గట్టిగా ఉంటే చీటీ గీటీ వద్దు. ఇంట్లో ఎవరినైనా లేపి పక్కన కూర్చోబెట్టుకుని ఫోను చెయ్యండి, ఆ మాటే ముందు చెప్పండి.