రక్షణ నిలుస్తుందా, చేజారుతుందా?

1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో కూడిన ప్రొటెస్టెంట్ సంఘాల మహాసభ తేల్చి చెప్పింది: దేవుడు ఎన్నుకున్నవారు ఘోరంగా పాపంలో పడిపోవచ్చు గానీ రక్షణ (పాపశిక్షనుంచి విడుదల) పోగొట్టుకుని నశించరు. ఆధారం బైబిల్లోని యోహాను సువార్త 10:28. కాపరి అయిన యేసు చేతిలోనుంచి గొర్రెలను ఎవరూ అపహరించలేరు.

18వ శతాబ్దపు ఇంగ్లండ్ బోధకుడు, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ దీన్ని ఒప్పుకోలేదు. ఎవరూ లాక్కోలేరు, నిజమే. కానీ విశ్వాసి తానే ఆ చేతిని విడిచి వెళ్లగలడన్నది వెస్లీ పక్షం వాదం. హెబ్రీ 6:4-6 దీనికి గట్టి అండ. వెలిగింపబడి, పరిశుద్ధాత్మలో పాలివారై, తర్వాత తప్పిపోయినవారి మాట అక్కడ ఉంది. వారు మొదటినుంచీ నిజవిశ్వాసులు కారనే డోర్ట్ పక్షపు జవాబు ఆ వచనాల ముందు నాకు బలహీనంగా తోస్తుంది.

అయినా చివరి రోజుల్లో మా అమ్మమ్మకు నేను చదివి వినిపించింది యోహానునే. వణికే వేళ్లతో నా మణికట్టు పట్టుకుని, “ఇంకోసారి చదువు నాయనా” అంది.