క్రికెటర్ల మాటలు అందించే చందా యాప్: జట్టు ఎంపిక, కెప్టెన్సీ వార్తల్లో దాని పనితనం

ఏడాది చందాతో నడిచే ఒక తెలుగు క్రికెట్ యాప్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. స్కోర్లు, షెడ్యూళ్లు, పాయింట్ల పట్టికలు ఎక్కడైనా ఉచితంగానే దొరుకుతాయి కనుక దీనికి డబ్బు కట్టడానికి కారణం ఒక్కటే. విలేకరుల సమావేశాల్లో, ఇంటర్వ్యూల్లో, సామాజిక మాధ్యమాల్లో ఆటగాళ్లు, సెలెక్టర్లు అన్న మాటలను తెలుగులోకి తెచ్చి, పాతవాటిని కూడా తేదీల వారీగా భద్రపరిచే ప్రత్యేక విభాగం ఇందులో ఉంది. నేను ఎత్తిచూపబోయే లోపాలు ఈ ఒక్క యాప్‌కే పరిమితమైనవి కావు గనుక పేరు రాయడం లేదు. జట్టు ఎంపిక, కెప్టెన్సీ మార్పుల గురించి క్రికెటర్లు బహిరంగంగా అన్న మాటలను ఇది ఎంత నమ్మకంగా అందిస్తోందన్నదే ఈ సమీక్ష పరిధి. పిచ్ గురించో టాస్ గురించో అన్న మాటలో ఒక ముక్క జారిపోయినా పాఠకుడికి కలిగే నష్టం స్వల్పం. కెప్టెన్సీ పోయిన ఆటగాడి సమాధానం నుంచి విలేకరి అడిగిన ప్రశ్నను తీసేస్తే మాత్రం, వివరణ కాస్తా ఫిర్యాదుగా మారిపోతుంది.

ముందుగా మెచ్చుకోవలసింది పాత వార్తల భాండాగారం. 2021లో విరాట్ కోహ్లీ కెప్టెన్సీ చుట్టూ నడిచిన వ్యవహారాన్ని ఉదాహరణగా తీసుకుంటే, దాని గురించి ఇప్పటికీ వాదించుకునేవారిలో ఎక్కువ మందికి తేదీల క్రమం గుర్తుండదు. యాప్ ఆ క్రమాన్ని ఒకే పేజీలో పెట్టింది. టీ20 ప్రపంచకప్ తరువాత పొట్టి ఫార్మాట్ కెప్టెన్సీ వదిలేస్తానని కోహ్లీ ప్రకటించింది సెప్టెంబరు 16న. దక్షిణాఫ్రికా పర్యటనకు టెస్టు జట్టును భారత క్రికెట్ బోర్డు ప్రకటించింది డిసెంబరు 8న. ఆ ప్రకటన పూర్తి పాఠాన్ని యాప్ ఉన్నదున్నట్టు ఇవ్వడం వల్ల ఒక సంగతి కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. జట్టు జాబితాలో కోహ్లీ పేరు పక్కన కెప్టెన్ అని ఉంది. ఇకపై వన్డే, టీ20 జట్లకు రోహిత్ శర్మ కెప్టెన్‌గా ఉంటాడని తెలిపే వాక్యం అదే ప్రకటనలో అదనంగా చేరింది. 95 వన్డేలకు నాయకత్వం వహించి 65 గెలిపించినవాడి ప్రస్తావన ఆ వాక్యంలో ఎక్కడా లేదు. దీని గురించి వంద వ్యాఖ్యానాలు చదివినా రాని అవగాహన ఆ ఒక్క పత్రాన్ని చూస్తే వస్తుంది.

డిసెంబరు 15న పర్యటనకు బయలుదేరే ముందు కోహ్లీ పెట్టిన విలేకరుల సమావేశం కూడా ఇక్కడ దాదాపు పూర్తిగా దొరుకుతుంది. టెస్టు జట్టు ఎంపిక సమావేశానికి గంటన్నర ముందు తనకు ఫోన్ వచ్చిందనీ, చీఫ్ సెలెక్టర్ టెస్టు జట్టు గురించి చర్చించి, ఫోన్ పెట్టేసే ముందు, వన్డేలకు నువ్వు కెప్టెన్‌గా ఉండవని ఐదుగురు సెలెక్టర్లం నిర్ణయించామని చెప్పాడనీ, తాను సరేనన్నాననీ కోహ్లీ వివరించాడు. టీ20 కెప్టెన్సీ వదలవద్దని తనకు ఎవరూ చెప్పలేదని కూడా అదే సమావేశంలో అన్నాడు. వదులుకోవద్దని తాము కోరామని అప్పటి బోర్డు అధ్యక్షుడు సౌరవ్ గంగూలీ అంతకుముందే చెప్పి ఉండటంతో ఆ రెండు మాటలకూ పొంతన కుదరలేదు. అన్నీ బాగానే ఉన్నాయనుకునేలోపు పేజీ డిసెంబరు 15తో ముగిసిపోతుంది. డిసెంబరు 31న వన్డే జట్టును ప్రకటిస్తూ చీఫ్ సెలెక్టర్ చేతన్ శర్మ, పునరాలోచించుకోమని సమావేశంలో ఉన్నవారంతా కోహ్లీని కోరారని చెప్పాడు. అది గంగూలీ మాటకు బలం చేకూర్చే సాక్ష్యమని కొందరు, సర్దుబాటు మాటని మరికొందరు అనుకోవచ్చు. అది లేకుండా ఆ కథ పూర్తి కాదు. ఆటగాడి మాటను అచ్చు పోసినట్టు దించి, దానికి వచ్చిన సమాధానాన్ని వదిలేయడం ఈ సేవలో తరచుగా కనిపించే లోపం. యాప్‌లోనే ఉన్న ఫిర్యాదుల పెట్టెలో ఈ విషయం రాశాను. స్వీకరించామన్న జవాబు వచ్చింది గానీ పేజీ మారలేదు.

ఇక ఫోనుకు వచ్చే అలర్టుల సంగతి. లోపలి వ్యాసం రాసేవారూ అలర్టు రాసేవారూ వేర్వేరు మనుషులనీ, ఒకరు రాసింది మరొకరు చదవరనీ నాకు గట్టి అనుమానం. 2025 జనవరిలో ఫామ్‌లో లేని రోహిత్ శర్మ సిడ్నీ టెస్టుకు దూరంగా ఉండటంతో బుమ్రా జట్టును నడిపించాడు. రెండో రోజు, అంటే జనవరి 4న, లంచ్ విరామంలో రోహిత్ ప్రసార సంస్థతో మాట్లాడాడు. పరుగులు రావడం లేదు కనుక తానే పక్కకు తప్పుకున్నాననీ, కోచ్‌కూ సెలెక్టర్‌కూ ఆ మాటే చెప్పాననీ, ఇది రిటైర్మెంట్ మాత్రం కాదనీ అతను చెప్పిన సారాంశం. లాప్‌టాప్, పెన్ను, కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్లు తన భవిష్యత్తును నిర్ణయించలేరన్న చురక కూడా అంటించాడు. యాప్ పంపిన అలర్టు మాత్రం ‘వేటుపై మౌనం వీడిన రోహిత్’ అని వచ్చింది. నొక్కి లోపలికి వెళితే, ‘నేనే తప్పుకున్నాను’ అన్న వాక్యం రెండో పేరాలోనే ఉంది. నాలుగు నెలల తరువాత, మే 7న, రోహిత్ టెస్టులకు నిజంగానే వీడ్కోలు పలికాడు కదా అని దీన్ని సమర్థించేవారు ఉండవచ్చు. మేలో జరిగినదాన్ని జనవరి మాటలకు అంటగట్టడం వార్త అనిపించుకోదు.

అలర్టులకు ఇంకో బలహీనత ఉంది. ఎవరైనా మాట్లాడితే గాని అవి కదలవు. 2014 డిసెంబరు 30న మెల్‌బోర్న్ టెస్టు డ్రాగా ముగిశాక ధోని విలేకరుల ముందుకు వచ్చి మ్యాచ్ గురించి మాట్లాడి వెళ్లిపోయాడు. అతను టెస్టుల నుంచి తప్పుకున్నాడన్న కబురు ఆ తరువాత బోర్డు ప్రకటనలో వచ్చింది. భారత క్రికెట్‌లో అతిపెద్ద కెప్టెన్సీ మార్పుల్లో ఒకటి అలా ఆటగాడి నోట ఒక్క ముక్క కూడా రాకుండానే జరిగిపోయింది. ఇలాంటి సందర్భాల్లో పాఠకుడికి కావలసింది, ఫలానావారు ఇంతవరకు మాట్లాడలేదు అన్న ఒక్క పంక్తి. ఈ యాప్ ఆ పంక్తి రాయదు. ఆ ఖాళీని మాజీల అంచనాలతో నింపుతుంది. 2025 అక్టోబరు 4న శుభ్‌మన్ గిల్‌ను వన్డే కెప్టెన్‌గా ప్రకటించినప్పుడు ఇదే జరిగింది. అహ్మదాబాద్‌లో చీఫ్ సెలెక్టర్ అజిత్ అగార్కర్ పెట్టిన సమావేశం వివరాలను యాప్ చక్కగా ఇచ్చింది. మూడు ఫార్మాట్లకు ముగ్గురు కెప్టెన్లు ఉండటం ఆచరణలో సాధ్యం కాదనీ, 2027 ప్రపంచకప్‌ను దృష్టిలో పెట్టుకున్నామనీ, నిర్ణయాన్ని రోహిత్‌కు తెలియజేశామనీ అగార్కర్ చెప్పాడు. రోహిత్ దాన్ని ఎలా తీసుకున్నాడన్న ప్రశ్నకు మాత్రం అది తమకూ అతనికీ మధ్య జరిగిన సంభాషణ అంటూ తలుపు మూసేశాడు. ఏడు నెలల కిందటే చాంపియన్స్ ట్రోఫీ గెలిపించిన కెప్టెన్ అప్పటికి నోరు విప్పలేదు. యాప్‌లో ఆ వారమంతా రోహిత్ ఫొటో కింద వచ్చినవి ఇతరుల మాటలే. ఉల్లేఖన చిహ్నాల మధ్య ఎవరి మాట ఉందో వారి ఫొటోనే పెట్టాలన్న చిన్న నియమం పాటించినా ఈ గందరగోళం సగం తగ్గుతుంది.

తెలుగువారి వ్యవహారాల్లో ఈ యాప్ పనితనం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. 2019 ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టును ప్రకటించినప్పుడు చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్, విజయ్ శంకర్ మూడు కోణాల్లో (త్రీ డైమెన్షన్స్) ఉపయోగపడతాడని చెప్పడం, జట్టులో చోటు దక్కని అంబటి రాయుడు మరునాడే ప్రపంచకప్ చూడటానికి కొత్త త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ చేయడం క్రికెట్ చూసే తెలుగువారిలో మరచిపోయినవారు తక్కువ. ఇద్దరూ గుంటూరులో పుట్టినవారే కావడంతో మన దగ్గర ఆ చర్చ ఇంకాస్త వేడెక్కింది. భాండాగారంలో రాయుడు పేజీకి వెళితే ట్వీట్ ఒంటరిగా కనిపిస్తుంది. దానికి కారణమైన ప్రసాద్ మాటలు వేరే పేజీలో ఉన్నాయి, రెండింటి మధ్య లింకు లేదు. కొత్తగా క్రికెట్ చూడటం మొదలుపెట్టిన కుర్రాడు ఆ ట్వీట్ చదివితే కళ్లద్దాల ప్రకటన అనుకుంటాడు. గాయపడ్డవారి స్థానంలో ఇతరులను పిలిచాక, జులైలో రాయుడు రిటైర్మెంట్ ప్రకటించడం, ఆగస్టులో దాన్ని వెనక్కి తీసుకోవడం, ఆ ట్వీట్‌ను తాను ఆస్వాదించానని ప్రసాద్ తరువాత చెప్పడం కూడా ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి.

హనుమ విహారి విషయంలో మాత్రం యాప్ మంచి పని చేసింది. 2024 ఫిబ్రవరి 26న ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో ఆంధ్ర రంజీ క్వార్టర్ ఫైనల్ ఓడిపోయాక, విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో సుదీర్ఘంగా రాశాడు. బెంగాల్‌తో మొదటి మ్యాచ్‌కు తానే కెప్టెన్ననీ, జట్టులోని పదిహేడో ఆటగాడిపై అరిచినందుకు రాజకీయ నాయకుడైన అతని తండ్రి సంఘంపై ఒత్తిడి తెచ్చాడనీ, తనను కెప్టెన్సీ వదులుకోమన్నారనీ, ఇక ఆంధ్రకు ఆడబోననీ ఆరోపించాడు. అవతలి ఆటగాడి ఖండననూ, విచారణ జరుపుతామన్న ఆంధ్ర క్రికెట్ సంఘం ప్రకటననూ యాప్ అదే పేజీలో చేర్చింది. అంతకుమించి, సీజన్ మొదట్లో రికీ భుయ్‌కు పగ్గాలు అప్పగించినప్పుడు విహారి వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నాడని వచ్చిన వార్తను కూడా పక్కనే పెట్టింది. అప్పుడు చెప్పిన కారణం, తరువాత చెప్పిన కారణం రెండూ ఒకేచోట కనబడితే పాఠకుడు తన తీర్పు తానే ఇచ్చుకోగలడు. విశాఖపట్నం, విజయవాడల్లో దేశవాళీ క్రికెట్‌ను పట్టించుకునే విలేకరి ఎవరో ఈ పేజీ వెనుక ఉన్నట్టున్నారు. ఆ చేయి తక్కిన పేజీల మీద కూడా పడితే బాగుండును.

మిథాలీ రాజ్ పేజీలో జరిగింది వేరే రకం పొరపాటు. 2018 నవంబరు 22న ఆంటిగ్వాలో ఇంగ్లండ్‌తో టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్‌కు ఆమెను పక్కనపెట్టడం, ఎనిమిది వికెట్ల తేడాతో ఓడినా ఆ నిర్ణయంపై విచారం లేదని కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ అనడం బహిరంగంగా జరిగినవే. మిథాలీ ఆ తరువాత బోర్డుకు రాసిన లేఖ అలాంటిది కాదు. అది అధికారులకు రాసినది, బయటకు పొక్కింది. యాప్ దాన్ని విలేకరుల సమావేశంలో అన్న మాటలతో కలిపి ఒకే వరుసలో పెట్టింది. నలుగురి ముందు అనడానికి సిద్ధపడిన మాటకూ, నాలుగు గోడల మధ్య చెప్పుకున్న బాధకూ వేర్వేరు గుర్తులు ఉండి తీరాలి.

నా దృష్టిలో ఈ యాప్‌కు అన్నింటికంటే అవసరమైన మార్పు కూడా ఇలాంటి గుర్తుల విషయంలోనే. బోర్డు కాంట్రాక్టులో ఉన్న ఆటగాడు ఎంపిక వ్యవహారాలపై బోర్డుకు నచ్చని రీతిలో వ్యాఖ్యానించకూడదన్న నిబంధన ఉంది. 2022 ఫిబ్రవరిలో వృద్ధిమాన్ సాహా, రిటైర్మెంట్ గురించి ఆలోచించమని కోచ్ ద్రవిడ్ తనతో అన్నాడని బయటపెట్టినప్పుడు ఆ నిబంధనే చర్చకు వచ్చింది. తాను దానికి నొచ్చుకోలేదనీ, సాహాకు నిజాయితీతో కూడిన స్పష్టత ఇవ్వాలనుకున్నాననీ ద్రవిడ్ కోల్‌కతాలో హుందాగా జవాబిచ్చాడు. కాంట్రాక్టులో ఉన్నవాడు జాగ్రత్తగా అన్న నాలుగు మాటలనూ, రిటైరయ్యాక అశ్విన్ తన యూట్యూబ్ చానల్లో జట్టు కూర్పు గురించి స్వేచ్ఛగా మాట్లాడే గంటనూ ఒకే తూకంతో తూచలేము. మాట పక్కన ఆటగాడి స్థితి, ఎక్కడ అన్నాడు, ఏ ప్రశ్నకు అన్నాడు అన్న మూడు వివరాలు చేర్చడం సాంకేతికంగా కష్టమేమీ కాదు.

మిగతా విషయాలు క్లుప్తంగా. 2018కి ముందరి సమాచారం దాదాపు శూన్యం. 2005లో బులవాయో టెస్టులో సెంచరీ కొట్టాక, మ్యాచ్‌కు ముందు తనను కెప్టెన్సీ నుంచి తప్పుకోమన్నారని గంగూలీ బయటపెట్టిన ఉదంతం గానీ, 2003 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కకపోవడం గురించి వి.వి.ఎస్. లక్ష్మణ్ తరువాతి కాలంలో చెప్పుకున్న మాటలు గానీ ఇందులో దొరకవు. వెతికే పెట్టెలో ‘కెప్టెన్సీ’ అని కొడితే వచ్చే ఫలితాలు వేరు, ‘సారథ్యం’ అని కొడితే వచ్చేవి వేరు కావడంతో ఏదైనా వెతకాలంటే రెండుసార్లు కొట్టాల్సిందే. చందా కట్టినవారికి కూడా వ్యాసం మధ్యలో ప్రకటనలు వస్తాయి. అనువాదంలో భాష మాత్రం శుభ్రంగా ఉంది. ఆటగాడు హిందీలో అన్నదాన్ని ఇంగ్లిష్ మీదుగా తేకుండా నేరుగా తెలుగు చేసినట్టు చదువుతుంటేనే తెలుస్తుంది.

హిందీ, ఇంగ్లిష్ బాగా అర్థమయ్యేవారు విలేకరుల సమావేశాల వీడియోలు నేరుగా చూడటం మేలు. వాటికి డబ్బు కట్టనక్కరలేదు, ప్రశ్న కూడా వినబడుతుంది. తెలుగులోనే చదవాలనుకునేవారికి, ముఖ్యంగా ఆంధ్ర, హైదరాబాద్ రంజీ జట్ల వ్యవహారాలపై ఆసక్తి ఉన్నవారికి, ఈ యాప్ పనికొస్తుంది. చందా కట్టేవారు సెట్టింగ్స్‌లో అలర్టులు ఆపేసి, ఏదైనా ప్రకటన వెలువడిన రెండు రోజుల తరువాత పేజీ తెరవడం మంచిది. అప్పటికి అవతలివారి సమాధానం కూడా చేరి ఉండే అవకాశం ఎక్కువ. భాండాగారానికి నాలుగు నక్షత్రాలు, అలర్టులకు ఒకటి, మొత్తం మీద ఐదింటికి మూడు.