బజాజ్ చేతక్ ఇంజన్ బుష్‌లు: పాలీయురెథేన్‌తో చేయించుకుని ఆరేళ్లు వాడాక

మా ఇంట్లో ఉన్నది 1994లో నాన్నగారు కొన్న టూ స్ట్రోక్ చేతక్. విజయవాడలో రోజూ ఆఫీసుకు నేను దాని మీదే వెళ్తాను. స్కూటర్ల తయారీని మానుకుంటున్నట్టు బజాజ్ 2009లో ప్రకటించింది. 2020లో అదే పేరుతో వచ్చిన విద్యుత్ స్కూటర్‌కూ దీనికీ ఒక్క నట్టు కూడా కలవదు. ఇలాంటి బండికి కంపెనీ భాగం దొరకని పరిస్థితిలో, ఇంజన్‌ను మోసే సైలెంట్ బుష్‌లను (అదురును పీల్చుకునే తొడుగులను) రబ్బరులా సాగే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేయించి 2019 జనవరిలో వేయించాను. ఇప్పటికి ఇరవై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగాయి.

చేతక్‌లో ఇంజన్, గేర్‌బాక్స్, వెనుక చక్రం అన్నీ ఒకే ముద్ద. ఆ ముద్దకు ముందువైపు ఆధారం ఒకే ఒక్క పొడవాటి బోల్టు, వెనుకవైపు షాక్ అబ్జార్బర్. ఆ బోల్టుకు రెండు కొసల్లో ఉండే రబ్బరు బుష్‌లే ఇంజన్ అదురును బాడీకి పాకనివ్వకుండా ఆపుతాయి, గుంతల్లో ఇంజన్ పైకీ కిందికీ ఊగేందుకు వీలిస్తాయి. రబ్బరు చచ్చిపోతే ఇంజన్ పక్కకు వాలి, వెనుక చక్రం ముందు చక్రంతో వరుస తప్పుతుంది. నా బండి మలుపుల్లో తోక ఊపినట్టు కదిలేది, గేరు కేబుళ్లు ఎంత సరిచేసినా న్యూట్రల్ నిలిచేది కాదు. ఇద్దరు మెకానిక్‌లు స్టీరింగ్ బేరింగులు మార్చాక గానీ అసలు కారణం బయటపడలేదు.

మొదట బజారులో దొరికిన నకలు బుష్‌లు వేయించాను. ఎనిమిది నెలలకే రబ్బరు ఉబ్బి, లోపలి ఇనుప గొట్టం నుంచి ఊడివచ్చింది. కార్బురేటర్ నుంచి కారే ఆయిల్ కలిసిన పెట్రోలును ఆ రబ్బరు తట్టుకోలేదు. తర్వాత ఒక లేత్ షాపువారు నైలాన్‌తో చేసి ఇచ్చారు. "ఇది మీ బండి కంటే ఎక్కువ కాలం ఉంటుంది" అన్నారు. అది నిజమే, నైలాన్ అరగలేదు. అయితే అదురంతా నేరుగా ఫుట్‌బోర్డులోకి వచ్చి కాళ్లు తిమ్మిరెక్కేవి. నాలుగు నెలల్లో హెడ్‌లైట్ బల్బు రెండుసార్లు తెగింది, ఇంజన్‌ను కప్పే పక్క మూత పట్టీ దగ్గర చీలింది. మెత్తగా ఉండటమే పనిగా పెట్టుకున్న భాగాన్ని గట్టిదనం చూసి ఎంచుకోవడం నా పొరపాటు.

ఆటోనగర్‌లో లారీల స్ప్రింగులకు పాలీయురెథేన్ బుష్‌లు వాడటం చూసి ఆ దారి పట్టాను. ఈ పదార్థం గట్టిదనాన్ని ‘షోర్-ఎ’ (Shore A) అనే కొలమానపు అంకెల్లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ. లారీలకు వాడే 90, 95 రకాలు స్కూటర్‌కు మరీ గట్టివి కనుక 80 రకం కడ్డీ తెప్పించుకున్నాను. దాన్ని లేత్ మీద తిప్పడం సులభం కాదు. పనిముట్టు తగలగానే తెగకుండా వంగి తప్పుకుంటుంది. మేస్త్రి గారు కడ్డీని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున్నే గట్టిగా ఉండగానే కొత్తగా సానబట్టిన పనిముట్టుతో తిప్పారు. జంతికల్లా మెలికలు తిరిగిన పొట్టు నేల మీద కుప్పపడింది. "రాయిలా కావాలంటే నిమిషం పనండీ, మెత్తగా కావాలంటేనే ఆలస్యం" అన్నారాయన. చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలత గది వేడికి మారుతుంది కాబట్టి ఆఖరి కొలతను మర్నాడు తీసి, వెలుపలి వ్యాసాన్ని కాస్త బిగువుగానే ఉంచారు. లోపలి ఇనుప గొట్టాలతో కలిపి జతకు పద్నాలుగు వందల రూపాయలయ్యాయి.

బిగించేవారికి ఒక్క మాట చెప్పాలి. పాత బుష్‌ను సుత్తితో కొట్టి తీయకండి, ఇంజన్ కేసు అల్యూమినియం కనుక పగులుతుంది. నేను హ్యాక్‌సా బ్లేడును లోపలికి దూర్చి, పాత బుష్ వెలుపలి గొట్టాన్ని నిలువునా కోసి తీశాను. సగం రోజు పట్టింది.

వాడకంలో మొదటి గుణం, బండి గీత గీసినట్టు నడవడం. బెంజి సర్కిల్ దగ్గర గుంతల్లోనూ తోక ఊగలేదు. అదురు కొత్త రబ్బరు బుష్ కంటే కొంచెం ఎక్కువ, నైలాన్ కంటే చాలా తక్కువ. ఐడ్లింగ్‌లో హ్యాండిల్ మీద తెలుస్తుంది, మూడో గేరులో నలభై దాటాక తెలియదు. ఆరేళ్లలో హెడ్‌లైట్ బల్బు ఒక్కటే మార్చాను.

లోపం కూడా ఉంది. అసలు బుష్‌లో రబ్బరు గొట్టానికి అతికి ఉంటుంది. ఇంజన్ ఊగినప్పుడు రబ్బరే మెలితిరుగుతుంది తప్ప ఏదీ రాసుకోదు. పాలీయురెథేన్ బుష్‌లో గొట్టం లోపల తిరుగుతుంది, కాబట్టి గ్రీజు ఎండితే కీచుమంటుంది. ఏటా వానాకాలానికి ముందు బోల్టు తీసి సిలికాన్ గ్రీజు రాయాలి. 2021లో మానేశాను, ఆగస్టుకల్లా వీధి చివర నుంచే ఆ చప్పుడు ఇంట్లోవాళ్లకు వినిపించేది. ఈ పని చేయలేనివారు, అసలైన పాత నిల్వ రబ్బరు బుష్ పగుళ్లు లేకుండా దొరికితే అదే వేసుకోవాలి. అయితే దాని బోల్టును స్టాండు మీద కాకుండా, బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించాలి. లేకపోతే రబ్బరు మొదటి రోజు నుంచే మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది.

గత నెల బోల్టు తీసినప్పుడు కుడి బుష్ కింది అంచున గోరు పట్టేంత గాడి కనిపించింది. ఇంజన్ బరువు ఎక్కువగా అటువైపే పడుతుంది. ఎడమది చెక్కుచెదరలేదు. అదే మేస్త్రి గారి దగ్గర ఇంకో జత చేయించి, మీద 80 అని రాసిన చీటీ కట్టి బీరువాలో ఉంచాను.