పాత పెనం కోసం బరంపురం వెళ్తే

పోత ఇనుము పాత సామాను కోసం ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఒక్క ఊరే తిరిగే వీలుంటే బరంపురం తిరగండి. ఇంకో రెండు రోజులుంటే రాయగడ కలుపుకోండి. గోపాల్‌పూర్‌ని కొనడాలన్నీ అయ్యాక కాదు, కొనకముందే చూసేయండి. ఎందుకో కింద చెప్తాం.

విశాఖపట్నం నుంచి బరంపురానికి రైల్లో సుమారు 280 కిలోమీటర్లు. హౌరా-చెన్నై ప్రధాన మార్గం కాబట్టి బళ్లకు లోటు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే ఇక్కడి పాత ఇళ్లలో మన అట్ల పెనం, బూర్లె మూకుడు కనిపిస్తాయి, పక్కింట్లో చకుళి పిఠా అనే ఒడియా అట్టు వేసుకునే పెనం కనిపిస్తుంది. రెండిటికీ కావలసింది ఒకటే: వేడిని పట్టి ఉంచే మందమైన అడుగు. బజార్లో తెలుగు నడుస్తుంది. అర్థం కాకపోతే 'ఢళేయి లుహా' అని అడగండి, పోత ఇనుము అని తెలుస్తుంది.

బొడ బజారు వైపు పాత్రల కొట్లు, పాత ఇనుము తూకానికి కొనే తుక్కు కొట్లు, పాత ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు అమ్మే సామాను: ఈ మూడూ వేర్వేరు బజార్లనే అనుకోండి. పాత్రల కొట్లో దొరికేది శుభ్రంగా, నల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు నూనె పొరా, నల్ల రంగా తేల్చుకోవాలి. తెల్లగుడ్డకి కాస్త కిరసనాయిలు అద్ది గట్టిగా రుద్దండి. రంగైతే గుడ్డ నల్లబడి పెనం మీద బూడిదరంగు మచ్చ తేలుతుంది. ఏళ్ల తరబడి కాలిన నూనె పొర అంత తేలిగ్గా ఊడదు. తుక్కు కొట్లో సామాను మురికిగా ఉంటుంది, కానీ ఎవరూ ముట్టుకోనిది. మా ఓటు దానికే. ధర తూకం మీద మొదలవుతుంది, ఆ రోజు తుక్కు రేటు అడిగితే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. 26 సెంటీమీటర్ల పెనం సుమారు 2 నుంచి 2.5 కిలోలు తూగుతుంది. సంచిలో చిన్న స్ప్రింగ్ త్రాసు ఉంటే మంచిది.

ముందు అది కరిగించి అచ్చులో పోసిన పోత ఇనుమో, సుత్తితో సాగగొట్టి చేసిన కొట్టిన ఇనుమో చూసుకోవాలి. అయస్కాంతం రెండిటికీ అంటుకుంటుంది కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు. కొట్టిన పెనం అంచు పలచన, సుత్తి దెబ్బల నొక్కులుంటాయి, పిడి విడిగా చేసి రివెట్లు కొట్టి ఉంటుంది. పోతది ఒళ్లూ పిడీ ఒకే ముక్క. అడుగున ఇసుక అచ్చు గరుకుదనం, ఒక్కోసారి లోహం పోసిన చోట గీతలాంటి మచ్చ. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే కనపడని మూలన ఆకురాయితో రెండుసార్లు గీయండి. పోత ఇనుము నల్లటి పొడిలా రాలుతుంది, అందులో ఉండే గ్రాఫైట్ వల్ల. కొట్టిన ఇనుము మెరిసే రజనుగా రాలుతుంది. కొట్టిన ఇనుము తక్కువదని కాదు. వంటకి అదీ పనికొస్తుంది, కాకపోతే వంగుతుంది గానీ పగలదు. పోతది వంగదు, పగులుతుంది.

కాబట్టి అసలు చూడాల్సింది పగులు. పిడి దగ్గర పట్టుకుని, వేలాడదీసి, చెక్క గరిటెతో అంచు మీద తట్టండి. మంచిదైతే గంటలా సాగుతుంది, పగిలితే 'టక్' అని ఆగిపోతుంది. మసి పెచ్చు అంగుళం మందాన కట్టిన పెనం మంచిదైనా మూగగానే మోగుతుంది, అందుకని ఈ ఒక్క పరీక్షతో పారేయకూడదు. అనుమానం ఉన్నచోట గోకి, కిరసనాయిలు రాసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు పైకి ఊరి సుద్దలో సన్నని గీత గీస్తుంది. పిడి మొదలు, నూనె ఒంపే మూతి, అంచు: పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది ఈ మూడు చోట్లే.

తర్వాత అడుగు. కొట్టు గట్టు మీదో, అద్దం మీదో పెట్టి రెండు వేళ్లతో అటూ ఇటూ నొక్కండి. కాస్త ఊగితే గ్యాసు పొయ్యి మీద ఇబ్బంది లేదు. ఇండక్షన్ వాడేవాళ్లు ఊగే పెనం కొననే వద్దు. లోపల స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో ఉబ్బిందో, దిగిందో తెలుస్తుంది. మధ్య ఉబ్బితే నూనె అంచులకి జారి అట్టు నడుమ మాడుతుంది.

తుప్పుకి భయపడక్కర్లేదు, గుంటలకి భయపడాలి. పైపై తుప్పు పోతుంది. తుప్పు తినేసిన గుంట పోదు. గోరు దిగేంత గుంటలు లోపలి వైపుంటే వంటకి వద్దు, బయటివైపైతే పట్టించుకోవద్దు. ఎర్రగా కాకుండా గులాబీ ఛాయ తిరిగి, పొట్టులా గరుకుగా ఉన్న ఇనుము మంటల్లో కాలిపోయినది. మసి వదిలించడానికి నిప్పుల్లో పడేస్తే ఇలా అవుతుంది. ఎన్నిసార్లు నూనె పట్టించినా దాని మీద నిలవదు. ఎంత చవకైనా వదిలేయండి.

తీరపు ఊళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. ఇది అన్నిటికంటే ముఖ్యం. వలలకి సీసపు గుండ్లు పోసుకోవడానికి పాత మూకుడు వాడి ఉండొచ్చు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, వంట పొయ్యి చాలు. లోపల బూడిదరంగులో, మెత్తగా, గోటితో గీస్తే మెరిసే బొట్లు కనిపిస్తే ఆ మూకుడు వంటకి శాశ్వతంగా పనికిరాదు. ఎంత తోమినా సరే. సీసం పరీక్షకి పుల్లలు దొరుకుతాయి, చిన్నపిల్లలున్న ఇంటివాళ్లు రెండు సంచిలో వేసుకు వెళ్లండి.

దాచుకోడానికి కొనేవాళ్లకి రెండు మాటలు. అమెరికా పోత సామాను కంపెనీ గ్రిస్వోల్డ్ గుర్తు, వృత్తంలో శిలువ, ఈరీ అనే ఊరి పేరు ఉన్నదేదైనా కనిపిస్తే ఎగిరి గంతేయకండి. ఆ కార్ఖానా 1957లో మూతపడింది, నకళ్లు చాలా ఉన్నాయి. అక్షరాలు మసకగా, ఒళ్లు గరుకుగా ఉంటే నకలే. మన పోతల మీద గుర్తులు తరచూ ఉండవు కాబట్టి వయసు చెప్పేది అరుగుదలే. అట్లకాడ ఒకే చేతివాటంగా గీకిన చోట ఒకపక్క ఎక్కువ అరుగుతుంది. చుట్టూ సమానంగా 'పాతబడిన' పెనం పాతది కాదు. వందేళ్లు దాటి, చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపుదామనుకుంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

రాయగడ విజయనగరం-రాయ్‌పూర్ లైనులో ఉంది, రైలు దిగి ఊరు తిరగొచ్చు. సామాను బరంపురంలో ఉన్నంత ఉండదు, కానీ గాలి పొడిగా ఉంటుంది, లోహం ఆరోగ్యంగా దొరుకుతుంది. దగ్గర్లో చాటికోన బుధవారం సంత ఉంది. అక్కడ కమ్మరి పనితనం చూడాలి, కత్తులూ గొడ్డళ్లూ కొట్టిన ఇనుమే. పోత పెనాల కోసమైతే అక్కడికి వెళ్లక్కర్లేదు. అక్కడి డోంగ్రియా కోందు గిరిజనుల ఫోటోలు అడక్కుండా తీయొద్దు. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు, మనకి ఒక పూట చాలు.

ఇక బస. పాత ఇనుముతో తిరిగేవాళ్లకి గది అందం కంటే గదిలో తేమ లేకపోవడం ముఖ్యం. బరంపురం స్టేషను దగ్గరి లాడ్జీలే మేలు: సామాను మోత తక్కువ, కొన్నది వెంటనే గదిలో పెట్టి మళ్లీ బజారుకి వెళ్లొచ్చు. కింది అంతస్తు అడగండి. పెనాన్ని గచ్చు మీద నేరుగా పెట్టకండి, నాలుగు మడతల పేపరు వేయండి. టైలు మీద తుప్పు మరక పడితే లాడ్జివాళ్లు డబ్బు అడుగుతారు, అడగడం న్యాయమే. స్నానాల గదిలో తోమడం మొదలుపెట్టొద్దు.

గోపాల్‌పూర్ బరంపురానికి 16 కిలోమీటర్లే. అక్కడ ప్రభుత్వ పాంథనివాస్ ఉంది, సముద్రం ఎదురుగా ఉంటుంది, విశ్రాంతికి మంచిది. కానీ ఆ ఉప్పుగాలిలో తోమిన ఇనుము ఒక్క రాత్రిలో నారింజరంగుకి తిరుగుతుంది. కొన్న పెనంతో అక్కడ పడుకోవద్దు. రంభలో చిలికా ఒడ్డు బసకీ ఇదే మాట. తప్తపాణి వేడినీటి ఊట దగ్గరి బసలో నీళ్లకి గంధకపు వాసన ఉంటుంది, ఒంటికి హాయి, పెనానికి కాదు. ఆ నీళ్లతో ఇనుము కడగకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రయాణానికి మంచి కాలం. అక్టోబరు వద్దు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబరు 11న.

ఊళ్లో దొరికే సేవల్లో వద్దనాల్సినవే ఎక్కువ. మెకానిక్ షాపులో గ్రైండరు పెట్టి నిమిషంలో తళతళలాడిస్తామంటారు. ఆ చక్రం గీసిన వలయాలు ఇక పోవు, దాచుకునేవాడికి ఆ వస్తువు విలువ అక్కడితో సరి. గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించడమూ అంతే, పాత ఒంటి నునుపు పోతుంది. వంటకే అయితే ఇసుక కొట్టించింది ఫరవాలేదు, నూనె పట్టడానికి కాస్త ఎక్కువ కాలం పడుతుంది. పగులుకి వెల్డింగు వేయిస్తామంటే ఒప్పుకోవద్దు. పోత ఇనుముకి నికెల్ రాడ్డు కావాలి, ముందుగా ఒళ్లంతా వేడి చేయాలి, నెమ్మదిగా చల్లార్చాలి. మామూలు రాడ్డుతో అతికితే అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. కళాయి పూసేవాళ్లు ఇత్తడికీ రాగికీ. ఇనప పెనానికి కళాయి అక్కర్లేదు. వాడుకోదగ్గ సేవ ఒక్కటే: తుక్కు కొట్లో మసి పెచ్చుని చెక్కముక్కతో గోకించి, పైపైన కిరసనాయిలు రాయించుకోవడం.

రైల్లో తీసుకొచ్చేటప్పుడు పెనాలు ఒకదాంట్లో ఒకటి దూర్చితే మధ్య మడత గుడ్డ ఉండాలి. పిడికి గడ్డి చుట్టి, పైన గోనె. కింది బెర్తు కింద పెట్టండి, పై నుంచి ఒక్కసారి పడితే చాలు. స్లీపరులో ఉచిత సామాను పరిమితి 40 కిలోలు, నాలుగైదు పెనాలూ రెండు మూకుళ్లూ దాటవు. కాస్టిక్ సోడా మాత్రం అక్కడ కొని రైల్లో తేవద్దు, నిషేధం. మీ ఊళ్లోనే దొరుకుతుంది.

ఇంట్లో పని వారం పడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్ల నీళ్లు పోసి, అందులో 450 గ్రాముల కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఉడికి చిమ్ముతుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ నీళ్లలోకి అల్యూమినియం పోనివ్వకండి, మంటంటుకునే వాయువు పుడుతుంది. రెండు రోజుల నుంచి వారం దాకా నానితే పాత నూనె పెచ్చు జిగటగా ఊడుతుంది. తుప్పు మాత్రం ఊడదు. దానికి తెల్ల వెనిగరు, నీళ్లు సమంగా కలిపి అరగంట నానబెట్టి, తీసి తోమి, అవసరమైతే మళ్లీ అరగంట. రాత్రంతా వదిలేస్తే వెనిగరు ఇనుమునే తింటుంది, బూడిదరంగు గరుకు మిగులుతుంది. తోమగానే చల్లనీళ్లతో కడిగి, తుడిచి, సన్నమంట మీద ఆరబెట్టండి. వేడినీళ్లతో కడిగితే తుడిచేలోపే తుప్పు లేస్తుంది.

నూనె పట్టించడంలో అందరూ చేసే తప్పు ఎక్కువ రాయడం. గోరువెచ్చటి పెనానికి పొద్దుతిరుగుడు నూనెగానీ తవుడు నూనెగానీ రాసి, ఏమీ మిగలకుండా పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడిచాక మిగిలిందే పొర. మందంగా ఉంటే జిగురుగా కట్టి, వేలికి అంటుకుంటుంది. బోర్లించి 230 డిగ్రీల ఓవెన్లో గంట, అందులోనే చల్లారనివ్వాలి. ఇలా మూడు నాలుగు పూతలు. ఓవెన్ లేకపోతే పొయ్యి మీద చేయొచ్చు, కానీ నడుమ నల్లబడి అంచులు గోధుమరంగులోనే ఉంటాయి, పెనాన్ని తిప్పుతూ కాల్చాలి. కొబ్బరినూనె, నెయ్యి వద్దు, అవి గట్టిపడి పొర కట్టవు. అవిసె నూనె అందంగా కడుతుంది, తర్వాత పెచ్చులుగా లేస్తుంది.

మూకుడైతే మొదటి నెల పూరీలు, బూర్లు, వడలే వేయించండి. పెనమైతే ఉల్లిపాయ వేపుళ్లు, చపాతీలు. అట్టు అప్పుడే వేయకండి, అంటుకుంటుంది. చింతపండు పులుసు, టమాటా ఎంత పదునెక్కిన పెనంలోనైనా పొరని కరిగిస్తాయి. అట్టు పోసేముందు నాలుగు నీటి చుక్కలు చిలకరించడం మన అలవాటు, దానివల్ల ఏం కాదు. కాలిన పెనం మీద చెంబుడు చల్లనీళ్లు గుమ్మరిస్తే మాత్రం బరంపురం నుంచి మోసుకొచ్చిన పెనం రెండు ముక్కలవ్వొచ్చు.