పదేళ్ల సెమిస్టర్ పద్ధతి: ఒక తెలుగు మాస్టారి మాట

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. 2015-16లో సెమిస్టర్ పద్ధతి వచ్చినప్పటి నుంచి దీనితోనే కాపురం.

నాకు బాగా నచ్చింది ఆ 25 మార్కులు. వందలో 75 చివరి పరీక్షకు పోగా, తరగతి పనికి వేసే ఇవి మా చేతిలో ఉంటాయి. మునుపు ఏడాదంతా తిరిగి, మార్చిలో గైడు కొని గట్టెక్కేవాళ్లు. ఒకసారి మీ ఊరి సేద్యపు మాటలు సేకరించి తెమ్మన్నాను. కళ్యాణదుర్గం వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి నాలుగు పేజీలు రాసుకొచ్చింది. గొర్రు, గుంటక, కాడి... వాటి కింద ‘పదును’. వాన కురిశాక విత్తడానికి సరిపడే తడి. "పదును కత్తికే ఉంటుందనుకున్నాను సార్, మా తాత ఒకటే నవ్వు" అంది. పాత వార్షిక పరీక్షలో ఆ తాతకు చోటెక్కడిది?

మరుసటి ఏడాది అదే పని ఇచ్చాను. ఒకరు రాసింది ఫోన్లలో తిరిగి, పద్దెనిమిది కాగితాల్లో గుంటక ‘గంటుక’ అయింది. తరగతిలో నూటపది మంది. మార్కులు ఎక్కించే గడువు దగ్గర పడింది, సైటు తెరుచుకోదు. అందరికీ ఇరవైకి పైనే వేశాను. చెప్పుకోవడానికి సిగ్గే.

సెమిస్టర్‌కు 90 పనిదినాలన్నది కాగితం మీది మాట. ప్రవేశాలు ఆలస్యమైతే మొదటి సెమిస్టర్‌లో పద్యం రాగం తీసి చదివే తీరికే ఉండదు.

2020-21లో పాఠ్యప్రణాళిక మారింది, 2023-24లో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే ‘ఒకే మేజర్’ విధానం వచ్చింది. పాఠం నా నోటికి పట్టేలోగా పుస్తకం మారిపోతోంది. శిక్షణ అని పిలిస్తే వెళ్లాను. పద్యం ఎలా చెప్పాలో ఎవరూ మాట్లాడలేదు, పట్టికలు నింపడం నేర్పారు. వేమన పద్యం ఎదురుగా ‘విద్యార్థికి కలిగే నైపుణ్యం’ అని ఒక గడి. అరగంట కూర్చుని ‘లోకజ్ఞానం’ అని రాశాను. సరిపోదని తిప్పి పంపారు.

అయినా పాత పద్ధతికి పొమ్మంటే పోను. ఈ సెమిస్టర్ పద్ధతికి 5కి 3 వేస్తాను, అదీ ఆ 25 మార్కుల పుణ్యమే.

ఈసారి రాసి తేవద్దన్నాను. ఒక్కొక్కరూ నా ఎదుట కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న ఐదు మాటలు చెప్పాలి. నూటపది మందికి మూడు వారాలు పట్టింది. రెండు పాఠాలు మిగిలిపోయాయి.