జూలై 4 అని ఇస్తే ఏప్రిల్ 7 వాళ్ళని అచ్చేశారు, పుట్టినరోజు ఫ్రేములు చేయించే వైజాగ్ వాళ్ళు జాగ్రత్త

మొన్న నాలుగో తారీకున జరిగింది ఇది. ఇంకా కోపం తగ్గలేదు, రాసేదాంట్లో తప్పులుంటే సర్దుకుని చదవండి.

రీల్స్‌లో కనిపిస్తాయి కదా, నల్ల ఫ్రేము, మధ్యలో మన ఫోటో, ఎడమపక్క మనం పుట్టిన తారీకునే పుట్టిన గొప్పవాళ్ళు, కుడిపక్క అదే తారీకున పోయినవాళ్ళు, కింద బంగారు రంగు అక్షరాల్లో పేరు, ఆ షాపే. పేరు రాయట్లేదు, మన వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. మా నాన్నగారికి డెబ్భై నిండుతున్నాయని చేయించాను. 2,850 రూపాయలు, అందులో 1,500 అడ్వాన్సు ఫోన్లోనే కొట్టేశాను.

అసలు ఆ ఫ్రేమే ఎందుకంటే మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన పుట్టింది 1954 జూలై 4, పద్మనాభం దగ్గర పల్లెలో. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి మా ఊరికి దగ్గరే, అల్లూరి పుట్టింది కూడా జూలై 4నే, 1897లో. నాన్నగారు హైస్కూల్లో సోషల్ మాస్టారు, కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి దగ్గరికి ఎన్ని బ్యాచ్‌ల పిల్లల్ని తీసుకెళ్ళారో లెక్క లేదు. ఆయన దగ్గర ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ ఉంది, తారీకుకో పేజీ, పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత కొట్టి, ఇటు పుట్టినవాళ్ళు అటు పోయినవాళ్ళు, పేపర్లో ఏది కనపడినా ఎర్ర ఇంకుతో ఎక్కించేస్తారు. జూలై 4 పేజీ తిప్పి తిప్పి అంచులు చిరిగిపోతే టేపు అంటించారు. ఆ రీల్ చూడగానే నాకు ఆ పేజీయే గుర్తొచ్చింది. నాన్న రాసుకున్నది గోడ మీదకి వస్తుంది అనుకున్నాను, అంతే, ఇంకేం ఆలోచించలేదు.

ఆ పేజీలో ఎవరున్నారో నాకు చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. పుట్టినవాళ్ళలో అల్లూరి, రెండుసార్లు తాత్కాలిక ప్రధానిగా చేసిన గుల్జారీలాల్ నందా 1898, మన కీరవాణి గారు 1961. పోయినవాళ్ళలో వివేకానందుడు 1902, బేలూరు మఠంలో, ముప్పై తొమ్మిదేళ్ళకే. మేరీ క్యూరీ 1934, ఏళ్ళ తరబడి రేడియేషన్ మధ్య పనిచేసి రక్తం దెబ్బతిని పోయారు. పింగళి వెంకయ్య గారు 1963. అమెరికా అధ్యక్షులుగా చేసినవాళ్ళయితే ఇంకా విచిత్రం, జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ 1826 జూలై 4న ఒకే రోజు పోయారు, వాళ్ళ స్వాతంత్ర్య ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజు, మళ్ళీ ఐదేళ్ళకి మన్రో కూడా అదే తారీకు. ఇది క్లాసులో చెప్తే పిల్లలు నోరెళ్ళబెట్టి వినేవారట. నాన్నగారు ఊరికే పేర్లు చెప్పరు, లెక్క కట్టి చెప్తారు, వివేకానందుడు పోయిన రోజుకి అల్లూరికి సరిగ్గా ఐదేళ్ళు నిండాయమ్మా, జెండా వెంకయ్య గారు పోయిన రోజుకి నాకు తొమ్మిది నిండాయి, ఆ రోజు నాకు కొత్త చొక్కా కుట్టించారు అని. అందుకే పోయినవాళ్ళ వరస కూడా కచ్చితంగా ఉండాలి అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాను. ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను కూడా. అక్కర్లేదు మేడం, తారీకు పంపండి చాలు, మా సాఫ్ట్‌వేర్ తెచ్చేస్తుంది అన్నారు. 04-07-1954 అని పంపాను. నా తప్పు ఇక్కడే మొదలైంది, జూలై అని అక్షరాల్లో కొట్టి ఉండాల్సింది.

ముప్పయ్యో తారీకున వాట్సాప్‌లో నమూనా పంపారు, మసకగా ఉంది, పైన మాత్రం పెద్ద అక్షరాల్లో ఏప్రిల్ 7 అని ఉంది. వెంటనే ఫోన్ చేశాను. ఏప్రిల్ కాదండీ జూలై, నెల తారీకు తారుమారైపోయాయి, మొత్తం మార్చండి అని స్పష్టంగా చెప్పాను. ఓకే మేడం, మార్చేస్తాం అన్నారు. మూడో తారీకు సాయంత్రం ఆఫీసు నుంచి అటే వెళ్ళి తీసుకున్నాను. అప్పటికే గిఫ్ట్ ప్యాక్ చేసేసి రిబ్బన్ కట్టేసి ఉంచారు. ఒకసారి చూస్తానండీ అంటే, విప్పితే మళ్ళీ ఇంత బాగా రాదు మేడం, రేపు సార్ చేత్తోనే విప్పించండి అన్నాడు కౌంటర్లో ఉన్న అతను. బయట వాన మొదలవుతోంది, మధురవాడ దాకా బండి మీద వెళ్ళాలి, సరే అని మిగతా 1,350 కట్టేసి వచ్చేశాను. ఎందుకు వచ్చేశానా అని మూడు రోజుల నుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

పొద్దున్న పూజ అయ్యాక, పరమాన్నం తినేశాక, అందరం కూర్చున్నాం, తమ్ముడి పిల్లలు కూడా వచ్చారు. నాన్నగారు రిబ్బన్ జాగ్రత్తగా విప్పి, కాగితం మడతపెట్టి పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని ఫ్రేము ఒళ్ళో పెట్టుకున్నారు. పైన జూలై 4 అని ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఆయనకి అలవాటు కదా, క్లాసులో చదివినట్టు పైకి చదవడం మొదలుపెట్టారు. "సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్, 1920." ఆగారు. "జాకీ చాన్, 1954." మా తమ్ముడి కొడుకు తాతయ్యా జాకీ చాన్ నువ్వూ ఒకే రోజా అని గంతులేశాడు. నాన్నగారు కుడిపక్కకి వెళ్ళారు. "హెన్రీ ఫోర్డ్, 1947." ఇంక చదవలేదు. వేలితో కింద దాకా ఒకసారి గీసుకుంటూ వెళ్ళారు, అల్లూరి పేరు ఎక్కడైనా ఉందేమో అని వెతుకుతున్నారని నాకు అర్థమైంది. లేదు. ఫోటో కింద చిన్న అక్షరాల్లో బుధవారం అని ఉంది.

"నేను ఆదివారం పుట్టానమ్మా" అన్నారు నా వైపు చూసి, మెల్లగా.

మా ఇంట్లో ఇది తెలియనివాళ్ళు లేరు. ఆషాఢం మొదట్లో ఆదివారం పూట, జోరు వాన, గెడ్డ పొంగి మంత్రసాని ఇవతలికి రాలేకపోయింది అని మా నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పేది. బుధవారం ఏప్రిల్ 7ది. రవిశంకర్, జాకీ చాన్ పుట్టింది, ఫోర్డ్ పోయింది, అన్నీ ఏప్రిల్ 7. అంటే నేను ఫోన్ చేసి చెప్పాక వాళ్ళు చేసింది ఒక్కటే, పైన హెడ్డింగ్‌లో ఏప్రిల్ 7 చెరిపి జూలై 4 పెట్టారు. కింద ఒక్క పేరు ముట్టుకోలేదు. అలాగే అచ్చేసి, నేను చూడకుండా రిబ్బన్ కట్టేశారు. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. బాగుందమ్మా, ఫోటో బాగా వచ్చింది అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి ఆ నోట్‌బుక్ తెచ్చుకుని ఏప్రిల్ పేజీ తీసి చూసుకుంటున్నారు, తనకే ఏమైనా మరుపు వచ్చిందేమో అని. అది చూసి నేను తట్టుకోలేకపోయాను.

మధ్యాహ్నమే షాపుకి వెళ్ళాను. అదే అతను. ఫ్రేము బల్ల మీద పెట్టి చూపించాను. ఫోన్లోంచి తలెత్తకుండా, హెడ్డింగ్ మార్చమన్నారు మార్చాం కదా మేడం అన్నాడు. పేర్లు అని అడిగితే, సాఫ్ట్‌వేర్ అమెరికా వాళ్ళది, నెల ముందు తీసుకుంటుంది, మాకేం సంబంధం అన్నాడు. మరి తెలిసీ ఎందుకు అచ్చేశారు అని అడిగాను. అప్పుడు అన్నాడు, నాకు ప్రతి ముక్కా గుర్తుంది, "ఎవరో పుట్టారు, ఎవరో పోయారు, అందరూ పెద్దోళ్ళే కదా మేడం, గోడకి తగిలించాక ఎవరు చదువుతారు?"

వైజాగ్‌లో కూర్చుని జూలై 4 అని అచ్చేసి అల్లూరి పేరు లేకపోతే మీకు ఏమీ అనిపించలేదా, దగ్గర్లోని జిల్లాకి ఆయన పేరే పెట్టుకున్నాం కదండీ అన్నాను. అల్లూరి ఫోటో ఫ్రేము వేరే ఉంది, 900, తీసుకుంటారా అన్నాడు. నా వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందే. డబ్బులు వెనక్కి ఇమ్మంటే కస్టమ్ ఆర్డర్‌కి రిటర్న్ లేదని గోడ మీద కాగితం చూపించాడు. సరిచేసి మళ్ళీ అచ్చేయమంటే మళ్ళీ పూర్తి రేటు అన్నాడు.

2,850 పోయిందని కాదు. ఆయన చదువుతారు. ఆయనలాంటి వాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్ళకే కదా ఇలాంటివి మనం చేయిస్తాం. పుట్టిన తారీకు పక్కన ఎవరి పేరు ఉందో, ఆ రోజే ఎవరు పోయారో డెబ్భై ఏళ్ళు దాచుకున్న మనిషి చేతికి ఒక అబద్ధం ఇచ్చాను నేను, రిబ్బన్ కట్టి.

చేయించేవాళ్ళు నెల అక్షరాల్లో రాయండి, అంకెల్లో వద్దు. పేర్ల వరస మీరే ఇచ్చి అదే అచ్చేయమనండి. నమూనా మసకగా పంపితే పెద్దది పంపే దాకా ఒప్పుకోకండి. వారం సరిపోయిందో లేదో పాత క్యాలెండర్‌తో చూసుకుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. మిగతా డబ్బు కట్టే ముందు ప్యాకింగ్ విప్పించండి, రిబ్బన్ పోతే పోయింది.

వాళ్ళ రీల్ కింద ఇదే రాస్తే గంటలో తీసేశారు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. వచ్చే నెలలో పుట్టినరోజులకి ఆర్డర్ ఇచ్చినవాళ్ళు ఉంటే ముఖ్యంగా ఒకటి నుంచి పన్నెండో తారీకు లోపు పుట్టినవాళ్ళవి ఇవాళే ఫోన్ చేసి అడగండి, అక్కడే తారుమారవుతాయి, పన్నెండు దాటితే ఆ సాఫ్ట్‌వేర్‌కి నెల దొరకదు కాబట్టి వాళ్ళకైనా తెలుస్తుంది.