డిల్లన్ 550 తీసుకోవాలా, 750 తీసుకోవాలా

ఇంట్లో రీలోడింగ్ (పేల్చేసిన తూటాల ఖాళీ కేసుల్లో మళ్ళీ గన్‌పౌడర్, బుల్లెట్ పెట్టి తూటాలు చేసుకోవడం) చేద్దామనుకునేవాళ్ళు చివరికి డిల్లన్ కంపెనీ చేసే ఈ రెండు ప్రెస్‌ల (తూటాలు తయారుచేసే మెషీన్ల) దగ్గరే ఆగిపోతారు. 550లో 4 స్టేషన్లు (ఒక్కో పని జరిగే చోట్లు), కేసులు నిలబెట్టే ప్లేట్ మనమే బొటనవేలితో తిప్పుకోవాలి, 750లో 5 స్టేషన్లు, హ్యాండిల్ లాగినప్పుడల్లా ప్లేట్ దానంతటదే తిరుగుతుంది.

స్పీడ్ సంగతి పక్కన పెట్టండి, నాకు ముఖ్యం పౌడర్. 550 మీద పని చేస్తుంటే ఫోన్ మోగింది, అటు చూసి మళ్ళీ హ్యాండిల్ లాగారనుకోండి, ప్లేట్ తిప్పడం మర్చిపోతే అదే కేసులో రెండోసారి పౌడర్ పడుతుంది, 9 ఎంఎం తూటా కేసులో కొన్ని పౌడర్లు డబుల్ పడినా పైకి పొంగవు కాబట్టి కంటికి తెలీదు, అది పేలిస్తే గన్నే పగిలిపోవచ్చు. 750లో ఒక స్టేషన్ ఎక్కువ ఉంటుంది కాబట్టి పౌడర్ చెక్ (కేసులో పౌడర్ ఎంత పడిందో చూసే పరికరం) పెట్టుకోవచ్చు, తేడా వస్తే బీప్ కొడుతుంది. అయినా ప్రతి కేసులోకీ లైట్ వేసి చూడాల్సిందే, అది మానొద్దు.

కానీ క్యాలిబర్లు (తూటా సైజులు) తరచూ మార్చేవాళ్ళకి, తక్కువ తక్కువ చేసుకునేవాళ్ళకి 550యే హాయి, కన్వర్షన్ (క్యాలిబర్ మార్చడానికి కావాల్సిన పార్టుల) ఖర్చు తక్కువ, ఎక్కడైనా ఇరుక్కుంటే ఆపి చూసుకోవడం ఈజీ. ఒకే క్యాలిబర్ వేలల్లో కావాలంటే మాత్రం 750, కేస్ ఫీడర్‌తో (ఖాళీ కేసుల్ని ప్రెస్‌కి అందించే పరికరం) కలిపి తీసుకోండి.